రోమ్ రిపబ్లిక్‌ని చెడగొట్టింది సీజరేనా, అంతకు ముందే చెడిపోయిందా?

పెన్నాగట్టు (నెల్లూరు):
డిగ్రీలో హిస్టరీ చదువుతున్నా. వచ్చే వారం సెమినార్‌లో రోమ్ రిపబ్లిక్ పతనం మీద మాట్లాడాలి, టెన్షన్‌గా ఉంది. క్లాసులో అందరిదీ ఒకటే మాట, క్రీ.పూ. 49లో సేనాని సీజర్, సైన్యంతో దాటకూడని సరిహద్దు అయిన రూబికాన్ నది దాటాడు, అంతా అయిపోయింది అని. ఒక్క మనిషి నది దాటితే నాలుగున్నర వందల ఏళ్ల వ్యవస్థ కూలిపోతుందా? అసలు ఎక్కడ చెడింది, కాస్త వివరంగా చెప్పండి.

కందుకూరు మాస్టారు:
క్రీ.పూ. 133 నుంచి మొదలుపెట్టు తమ్ముడూ. యుద్ధాల్లో గెలిచిన భూమి చాలావరకు ప్రభుత్వానిది. అందులో ఒక్కొక్కరి దగ్గర 500 యూగెరాలకు, అంటే సుమారు 310 ఎకరాలకు మించి ఉండకూడదని పాత చట్టం. పెద్దోళ్లు దాన్ని ఎప్పుడో గాలికి వదిలేసి బానిసలతో సేద్యం చేయించుకునేవాళ్లు. పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూములు చివరికి ఎవరి కంచెలోకి పోతాయో మన దగ్గర చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ట్రిబ్యూన్‌గా, అంటే సామాన్య జనం తరఫున ఎన్నికయ్యే అధికారిగా, గెలిచిన టైబీరియస్ గ్రాకస్ ఆ మిగులు భూమిని తీసి పంచుతానన్నాడు. సాటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ అడ్డం పడితే జనం చేత ఓటేయించి అతన్ని పదవిలోంచి దించేశాడు. అదీ ఆనవాయితీ తప్పిన పనే, దాచిపెట్టకు.

తర్వాతి ఏడాదికీ మళ్లీ పోటీకి దిగితే సెనేటర్లు, అంటే రోమ్ పెద్దల సభ సభ్యులు, బల్లల కోళ్లు విరిచి పట్టుకుని వచ్చి, అతన్నీ దాదాపు 300 మంది అతని మనుషుల్నీ కొట్టి చంపి, శవాల్ని టైబర్ నదిలో పడేశారు. ముందు నడిచిన నాసికా అప్పటి ప్రధాన పూజారి! అతని మీద విచారణే లేదు, జనం కోపానికి భయపడి సముద్రం అవతలికి పంపేశారు, అంతే. విచారణ జరిగింది చనిపోయినవాడి అనుచరుల మీద. చంపినా ఏమీ కాదని ఆ రోజే అందరికీ తెలిసిపోయింది. క్రీ.పూ. 121లో తమ్ముడు గైయస్‌కీ అదే గతి, ఈసారి సెనేట్ తీర్మానం చేసి మరీ.

ఒంగోలు అక్క:
మాస్టారూ, భూమి సంగతి మీరు చెప్పింది నిజం, కానీ నా లెక్కలో అసలు గీత క్రీ.పూ. 88. అంతకు ముందే, 107లో, సేనాని మేరియస్ ఆస్తి లేనివాళ్లని కూడా సైన్యంలోకి తీసుకున్నాడు. వాళ్లకి ఇంటి దగ్గర పొలం లేదు, రిటైరైతే భూమి ఇప్పించాల్సింది సెనేట్, అది ఎప్పుడూ ముందుకు రాదు. ఇక వాళ్లు ఎవరి వైపు చూస్తారు? సేనాని వైపే. 88లో తూర్పు యుద్ధం సుల్లా అనే ఇంకో సేనానికి ఇచ్చి, మళ్లీ లాక్కుని మేరియస్‌కి ఇస్తే, ఆ కబురు తెచ్చిన అధికారుల్ని సైనికులే రాళ్లతో కొట్టి చంపారు. తూర్పు దోపిడీలో తమ వాటా పోతుందని వాళ్ల భయం. సుల్లా సొంత నగరం మీదికే నడిచాడు. అతని అధికారుల్లో ఒక్కడు తప్ప అందరూ వదిలి వెళ్లిపోయారు, సైనికులు మాత్రం వెళ్లలేదు. రోమ్ గతి తేల్చింది ఇదే.

పెన్నాగట్టు:
అక్కా, కానీ సుల్లా తర్వాత నియంత అయినా చివరికి ఆ పదవి వదిలేశాడు, సెనేట్‌కే బలం పెంచాడు కదా?

ఒంగోలు అక్క:
వదిలేశాడు, కానీ ముందు ఏం చేశాడో చూడు. చంపదగినవాళ్ల పేర్లు రాసి బజార్లో అంటించాడు, తల తెస్తే డబ్బు, ఆస్తి వేలం. క్రాసస్ అట్టా కొన్నవాడే. ట్రిబ్యూన్ల అధికారాలు కత్తిరిస్తే, వాటిని క్రీ.పూ. 70లో పూర్తిగా తిరిగిచ్చింది ఎవరనుకున్నావు? సుల్లా దగ్గర ఎదిగిన పాంపే, క్రాససే. ఆ కత్తిరింపు పదేళ్లకే పోయింది, సైన్యంతో వస్తే పని అవుతుందన్నది మాత్రం కుర్రాళ్లకి బాగా ఎక్కింది.

కందుకూరు మాస్టారు:
ఆ మాట ఒప్పుకుంటా. అయినా 49కి ముందు కూడా ఒక దారి ఉంది తమ్ముడూ, దాన్ని వదలకు. క్రీ.పూ. 50 డిసెంబరులో అప్పటికి ఒకరికొకరు ఎదురుగా నిలిచిన సీజర్, పాంపే ఇద్దరూ సైన్యాలు వదలాలని ట్రిబ్యూన్ క్యూరియో ప్రతిపాదిస్తే సెనేట్‌లో 370 మంది సరేనన్నారు, వద్దన్నది 22 మందే. కాన్సుల్, అంటే ఆ ఏడాది ఇద్దరు ముఖ్య పాలకుల్లో ఒకడైన మార్సెల్లస్, సభ ముగించేసి, ఏ తీర్మానమూ లేకుండా వెళ్లి సీజర్ మీద పోరాడమని పాంపే చేతికి కత్తి ఇచ్చాడు. సెమినార్‌లో ముందుగా ఆ రెండు అంకెలు బోర్డు మీద రాయి, క్లాసు వాళ్లని అడుగు, సీజర్ ఒక్కడిదేనా తప్పు అని.