పౌర్ణమి దగ్గర పడితే మనసు బరువెక్కుతోంది, ఇది జాతకమేనా?

మిద్దెమీద_మల్లె (కడప):
అందరికీ నమస్కారం. నాది కడప, ఇద్దరు పిల్లల తల్లిని. అడగాలా వద్దా అని ఆగి ఆగి ఇప్పుడు అడుగుతున్నా, నవ్వొద్దు. మూడు పౌర్ణములుగా చూస్తున్నా, త్రయోదశి నుంచే నాకు నిద్ర పట్టడం లేదు, చిన్న మాటకే ఏడుపొస్తోంది, పోయిన నెల మా ఆయన పప్పులో ఉప్పు తక్కువైందంటే వంటింట్లో కూర్చుని అరగంట ఏడ్చా. తదియకల్లా మళ్లీ మామూలు మనిషినే. మార్గశిరంలో మా అమ్మ పోయింది, ఇదంతా ఆ తర్వాతే.

నాది వృశ్చిక రాశి, అనూరాధ నక్షత్రం, పుట్టింది వైశాఖ పౌర్ణమి నాడు. ఇక్కడ ఒకాయనకు జాతకం చూపిస్తే "చంద్రుడు నీచలో, అంటే బలం తగ్గే రాశిలో ఉన్నాడు, నీకు పౌర్ణమి పడదు" అని, శాంతికి 18 వేలు, ముత్యం ఉంగరం ఖర్చు వేరే అన్నాడు. ఫోన్ తెరిస్తే రీల్స్ ఇంకోలా చెప్తున్నాయి. బాధలన్నీ కాగితం మీద రాసి పౌర్ణమి రాత్రి కాల్చేయాలంట, గాజు సీసాలో నీళ్లు వెన్నెల్లో పెట్టి పొద్దున్నే తాగాలంట, రాబోయే పౌర్ణమి ఒకటి వృశ్చికంలో వస్తోంది కాబట్టి మా రాశి వాళ్లకు పాత గాయాలు మానిపోతాయంట. పడదనే వాళ్లొకరు, మానుతుందనే వాళ్లొకరు. ఏది నమ్మాలి?

పంచాంగం_పిచ్చోడు (అనంతపురం):
చెల్లీ, నేను జ్యోతిష్కుడిని కాదు, బ్యాంకు ఉద్యోగిని, మా తాత దగ్గర రొంత నేర్చుకున్నా అంతే. ముందు రీల్స్ సంగతి. వాళ్లది సాయన లెక్క, అంటే రుతువులను బట్టి రాశులు, మన పంచాంగాలది నిరయన లెక్క, అంటే ఆకాశంలోని నక్షత్రాలను బట్టి రాశులు, రెండింటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది. 2025 మే 12 వైశాఖ పౌర్ణమి చూడు, వాళ్ల లెక్కలో చంద్రుడు వృశ్చికంలో ఉన్నాడు, మన లెక్కలో విశాఖలోనే, తులా రాశిలో. నీ రాశేమో మన పంచాంగం ప్రకారం తెలుసుకుని, ఫలం వాళ్ల లెక్కది చదువుకుంటే ఎట్ల కుదురుతుంది?

ఇక నీచ సంగతి. చంద్రుడికి వృశ్చికం నీచ స్థానమే, కాదనను. కానీ నువ్వు పుట్టింది నిండు పౌర్ణమి నాడు, అంటే పక్షబలం, చంద్రుడు నిండుగా ఉన్నప్పుడు వచ్చే బలం, పూర్తిగా ఉంది, ఆయన ఆ మాటే ఎత్తలేదా? ఇంకోటి, పౌర్ణమి చంద్రుడు నెలకొక నక్షత్రం దగ్గర ఉంటాడు, మన నెలల పేర్లే దాన్నిబట్టి వచ్చాయి, చిత్త దగ్గరుంటే చైత్రం, కృత్తిక దగ్గరుంటే కార్తీకం. వృశ్చికంలో పౌర్ణమి వచ్చేది ఏడాదిలో ఒకసారి, సూర్యుడు వృషభంలో ఉన్నప్పుడు. నీచ చంద్రుడే నిన్ను బాధపెడుతున్నాడంటే, చంద్రుడు ప్రతి నెలా వృశ్చికంలో గడిపే రెండుంబావు రోజులు నీకు కష్టంగా ఉండాలి. పౌర్ణమి పౌర్ణమికీ ఎందుకు?

పౌర్ణమికీ మనసుకూ సంబంధం ఉందని శాస్త్రం అంటుంది, అది నిజమే. చంద్రుడు మనఃకారకుడు, పురుషసూక్తంలోనే "చంద్రమా మనసో జాతః" అని ఉంది. ఆ రోజు సూర్యుడికి సరిగ్గా ఏడో ఇంట ఉంటాడు, లోపలున్నదంతా వెలుగులోకి వస్తుందని మా తాత అనేవాడు. దానికి పెద్దవాళ్లు చెప్పింది ఉపవాసం, స్నానం, దానం, సత్యనారాయణ వ్రతం. కాగితాలు కాల్చమని ఎక్కడా చదవలేదు. కాలిస్తే తప్పని కూడా అనను, పిల్లలు దగ్గర లేకుండా చూసుకో. 18 వేలు మాత్రం ఇవ్వొద్దు. సోమవారం ఎవరికన్నా బియ్యం ఇవ్వు, చాలు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
ఫిజిక్స్ లెక్చరర్ని, కాబట్టి ఈ చర్చలో నేను విలన్ని. ఎవరో ఒకరు వచ్చి "ఒంట్లో 70 శాతం నీళ్లు, సముద్రానికి పోటు వచ్చినట్టే మనిషికీ" అంటారని ముందే చెప్తున్నా. మనిషంత చిన్న ఒంటి మీద ఆ ప్రభావం లెక్కలోకి రానంత తక్కువ. పైగా సముద్రానికి పెద్ద పోటు అమావాస్యకు కూడా వస్తుంది, మరి అమావాస్యకు మీకు ఏడుపు రావాలి కదా.

నిద్ర సంగతి మాత్రం కొట్టిపారేయలేను. 2013లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 33 మందిని ల్యాబ్‌లో పడుకోబెట్టి తీసిన పాత రికార్డులు మళ్లీ చూస్తే, పౌర్ణమి దగ్గర గాఢనిద్రను చూపే మెదడు తరంగాలు 30 శాతం దాకా తగ్గాయి, మొత్తం నిద్ర 20 నిమిషాలు తగ్గింది. 2021లో అర్జెంటీనాలోని ఆదివాసీ గూడేల్లో, అమెరికాలోని సియాటిల్ విద్యార్థుల్లో చూసినా పౌర్ణమికి ముందు రాత్రుల్లోనే ఆలస్యంగా, తక్కువ పడుకున్నారు. మీ త్రయోదశి, చతుర్దశి దీనికి దగ్గరగానే ఉంది. కానీ పౌర్ణమికి పిచ్చి ముదురుతుంది, గొడవలు పెరుగుతాయి అనేదాన్ని 1985లోనే 37 అధ్యయనాలు కలిపి చూశారు, చెప్పుకోదగ్గ సంబంధమేమీ తేలలేదు.

అయినా మూడు నెలల అనుభవంతో ఏ లెక్కా తేలదమ్మా. పౌర్ణమినాడు ఏడ్చింది గుర్తుంటుంది, అష్టమినాడు ఏడ్చింది ఎవరికి గుర్తుంటుంది? డైరీలో రోజూ ఒక ముక్క రాయండి. మీ పేరులోనే మిద్దె ఉంది, వెన్నెల్లో పడుకుంటున్నారా ఏమిటి?

మిద్దెమీద_మల్లె:
సార్, కడప ఎండలకు ఇప్పటి నుంచే మిద్దె మీదే మా పడక. కానీ పుష్యమాసంలో చలికి లోపలే పడుకున్నా, అప్పుడూ ఇదే కథ.

ఒంటిమిట్ట_కోడలు:
ఇంత రాశారు గానీ ఒక్కరూ అడగలేదు. అమ్మ పోయిన తిథి ఏంది తల్లీ?

మిద్దెమీద_మల్లె:
మార్గశిర బహుళ విదియ అక్కా. ఎందుకు?

ఒంటిమిట్ట_కోడలు:
మరి నెల నెలా మాసికం ఎప్పుడొస్తోంది? పౌర్ణమి దాటిన రెండో రోజే కదా. మా ఆయన పోయిన ఏడాది నాకూ ఇంతే, నాది ఏకాదశి. దశమి రోజు పొద్దున లేస్తూనే చేతులు ఆడేవి కావు, క్యాలెండర్ చూడకపోయినా ఒంటికి తెలిసిపోయేది. అందరూ శని అన్నారు, దిష్టి అన్నారు. సంవత్సరీకం అయినాక మెల్లగా తగ్గింది, పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను.

మిద్దెమీద_మల్లె:
అక్కా, ఇది చదివి ఫోన్ పక్కన పెట్టేసి ఇప్పుడొచ్చా. మాసికం ప్రొద్దుటూరులో మా తమ్ముడింట్లో. త్రయోదశి రోజు వాడు ఫోన్ చేస్తాడు, ఎంతమందికి వండాలి, అమ్మకు ఇష్టమైంది ఏం చేద్దాం అని. ప్రతిసారీ అలసందల వడలు అని నేనే చెప్తా, చెప్పి ఫోన్ పెట్టేస్తా. ఇంకోటి కూడా ఇప్పుడే తట్టింది. ఆస్పత్రిలో ఆఖరి రెండు రాత్రులూ పౌర్ణమి వెన్నెలే. ఐసీయూ బయట వరండాలో కూర్చుంటే నేల మీద తెల్లగా పడుతుండేది, లైటు ఎవరు వేశారా అనుకున్నా.

పంచాంగం_పిచ్చోడు:
చెల్లీ, నాకిది తట్టనే లేదు. రోజూ తిథులు చూసేవాడిని, తిథి అడగకుండా రాశి పట్టుకుని ఊగా.

తుంగభద్ర_గట్టు:
నేనూ అంతే, బాసెల్ దాకా పోయొచ్చా. అమ్మా, నిద్ర లేకపోవడం మాసికం దాటినా తగ్గకపోతే, పిల్లల పనులు కూడా చేసుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. అందాకా తమ్ముడితో వడల గురించే కాకుండా ఇంకా రొంతసేపు మాట్లాడండి, వాడికీ అమ్మే కదా.

మిద్దెమీద_మల్లె:
సరే సార్. వాడూ ఫోన్ తొందరగా పెట్టేస్తాడు, నాకు పని ఉందనుకుంటాడేమో. ఇంకో సంగతి. ఒంటిమిట్టలో రాత్రిపూట జరిగే రాములవారి కల్యాణం చూడాలని అమ్మ ప్రతి ఏడాదీ అనేది, కడపలో ఉండి కూడా ఒక్కసారీ తీసుకుపోలేదు. ఈసారి పోవాలని ఉంది. ఏడాది కాకముందు నేను గుడికి పోవచ్చా?

పంచాంగం_పిచ్చోడు:
పెళ్లయిన ఆడపిల్లకు తల్లిదండ్రుల మైల మూడు రోజులే. ఏడాది నియమాలు కర్మ చేసే తమ్ముడికి. మీ అత్తగారింటి ఆనవాయితీ ఒక మాట అడిగి పో.

ఒంటిమిట్ట_కోడలు:
రా తల్లీ. పగలు జరిగే పెళ్లి చూడలేకపోతున్నానని చంద్రుడు మొరపెట్టుకుంటే రాత్రిపూట చేయించుకున్నాడంట మా రాముడు, అందుకే చైత్ర పౌర్ణమికి అటూఇటుగా వెన్నెల్లో చేస్తారు. కడప నుంచి పాతిక కిలోమీటర్ల పైన, పోయేటప్పుడు బస్సులకు కొదవ లేదు, తిరిగి వచ్చేటప్పుడే నరకం. ఆటో మాట్లాడుకో, లేకుంటే మా ఇంట్లో పడుకుని పొద్దున్నే పో. నీళ్ల బాటిల్, టవలు మర్చిపోవద్దు, మధ్యాహ్నమే వచ్చి కూర్చోవాలి, ఎండ మాడ్చేస్తుంది.