ఊచకోత అనే మాట క్రికెట్‌కి వాడొచ్చా?

బ్రాడీపేట నాన్న (గుంటూరు):
మా అబ్బాయి తొమ్మిదో తరగతి. క్రికెట్ మ్యాచ్ గురించి రాయమంటే "మనోళ్లు బౌలర్లను ఊచకోత కోశారు" అని రాశాడు, తెలుగు మాస్టారు దాని కింద ఎర్రగీత గీసి పంపించారు. టీవీలో రోజూ అంటారుగా అని వాడి గొడవ. నిజమే, సినిమా వసూళ్లకి కూడా బాక్సాఫీస్ ఊచకోత అంటున్నారు. అసలు ఊచ అంటే ఏంటండీ, కిటికీ ఊచలేనా?

తెనాలి రైతుబిడ్డ:
మాట అదేనండీ. సన్నగా నిటారుగా ఉండేది ఏదైనా ఊచే, ఇనుప కడ్డీ అయినా పైరు కాడ అయినా. మా నాయనమ్మ పచ్చజొన్న కంకులు కాల్చి ఊచబియ్యం రాల్చి పెట్టేది. నాకు ఊచకోత అనగానే చేలో కొడవలి పట్టి వరసాగ్గా కోసుకుంటూ పోవడమే కళ్లముందు కనిపిస్తుంది, లేతదా ముదురుదా అని కొడవలి చూడదు కదా, మనుషుల్ని అలా నరికితే ఊచకోత. అందుకే "కోశారు" అంటాం. వ్యాకరణం ప్రకారం మీవాడిది తప్పు కాదు.

కృష్ణలంక సబ్ఎడిటర్ (విజయవాడ):
నరమేధం, మారణహోమం యజ్ఞాల నుంచి వచ్చిన మాటలు, బరువెక్కువ, ఆటల పేజీలోకి అంతగా రావు. ఊచకోత చిన్న మాట, బ్యాటు ఊపినట్టే ఉంటుంది, హెడ్డింగ్‌లో ఇట్టే ఇమిడిపోతుంది. నేనూ చాలాసార్లు పెట్టాను. జాతి నిర్మూలన మాత్రం వేరు, ఒక జాతిని జాతిగా తుడిచిపెట్టాలనే ఉద్దేశం ఉంటేనే ఆ మాట, 1948 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో నిర్వచనం ఉంది.

చుండూరు పక్క ఊరు:
మాకు ఊచకోత అంటే 1991 ఆగస్టు 6. చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. వాళ్లని పూడ్చిన చోటుని రక్తక్షేత్రం అంటారు. మా ఇంట్లో ఆ మాట ఆటకి ఎవరూ వాడరు, టీవీలో వినపడితే మా అమ్మ లేచి వెళ్లిపోతుంది. తప్పా ఒప్పా అని కాదు, చితకబాదారు, ఉతికి ఆరేశారు, చెడుగుడు ఆడేశారు, ఇన్ని ఉండగా ఇదే ఎందుకండీ?

కృష్ణలంక సబ్ఎడిటర్:
మీ అమ్మగారి మాట చదివాక నా దగ్గర జవాబు లేదు. ఇక పెట్టను.

బ్రాడీపేట నాన్న:
అందరివీ చదివి వినిపించాను. "ఉతికి ఆరేశారు" అని మార్చుకున్నాడు. తర్వాత చుండూరు ఎక్కడ నాన్నా అన్నాడు. బాపట్ల వెళ్లే రైల్లో ఆ స్టేషన్ ఎన్నిసార్లు దాటామో, ఒక్కసారి కూడా వాడికి చెప్పలేదు నేను. ఆదివారం తీసుకెళ్తున్నాను.