‘చాటుకున్నాడు’ అంటే ఎవరు చాటినట్టు?

తిరుపతి:

అందరికీ నమస్కారం. కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట, మన గుంపులో ఎవరినైనా ఊరి పేరుతోనే పిలుచుకుంటాం, తప్పుగా అనుకోవద్దు.

ఈ మధ్య ఒక మాట చెప్పులో రాయిలా తగులుతోంది. ‘చాటుకోవడం’. పేపర్లో చూసే ఉంటారు, ‘నిజాయతీ చాటుకున్న ఆటో డ్రైవర్’, ‘మానవత్వం చాటుకున్న ఎస్సై’, ‘ఔదార్యం చాటుకున్న పూర్వ విద్యార్థులు’. ఎవరైనా ఒక మంచి పని చేస్తే చాలు, పాపం, వెంటనే చాటుకున్నవాడు అయిపోతాడు.

సంగతి ఎక్కడ మొదలైందంటే, మా వీధి చివర ఒక ఆటో ఆయన ఉన్నాడు, బస్టాండు నుంచి అలిపిరికి తిప్పుతాడు. పోయిన నెల కొండకు పోయే కుటుంబం ఒకటి ఆటోలో బ్యాగు మరిచిపోయి దిగిపోయింది. ఆయన దాన్ని తీసుకెళ్లి స్టేషన్లో ఇచ్చాడు, వాళ్లు ఆ కుటుంబాన్ని పిలిపించి ఇప్పించారు, అందరినీ వరసగా నిలబెట్టి ఒక ఫొటో తీశారు. మరుసటి రోజు జిల్లా పేజీలో వచ్చింది, సాయంత్రానికి ఊళ్లో అందరి ఫోన్లలోనూ తిరిగింది. నేను ఒకప్పుడు విలేకరినని ఆయనకు తెలుసు గదా, రాత్రి మా ఇంటికొచ్చి, “ఏం సామీ, నేనేం చాటుకున్నాను? బ్యాగు ఇచ్చేసి వచ్చినాను, అంతే గదా. ఫొటోకి నిలబడమన్నది వాళ్లు. ఇప్పుడు స్టాండులో ప్రతివాడూ ‘ఏమప్పా, చాటుకున్నావంటనే’ అని ఒకటే నవ్వడం” అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు, ఎందుకంటే ఆ హెడ్డింగు నేనే 11 ఏళ్లు రాశాను. ఇది కాదు, ఇలాంటివి. మండలం నుంచి లైన్ అకౌంట్ మీద (అచ్చయిన లైన్ల లెక్కన డబ్బు) వార్తలు పంపే రోజుల్లో నిజాయతీ అని రాయగానే చేయి దానంతట అదే చాటుకున్న అని రాసేసేది. డెస్కులో కూడా ఎవరూ దిద్దలేదు. రెండు కాలమ్‌ల బాక్సులో సరిపోతుంది, చదివేవాడికి ఏ రకం వార్తో వెంటనే తెలిసిపోతుంది, ఇంకేం కావాలి.

కానీ ఆ రాత్రి ఆలోచిస్తే, ఆయన అడిగినదాంట్లో వ్యాకరణం ఉంది. ‘అన్నం వండింది’ అంటే ఎవరికోసమైనా కావచ్చు, ‘వండుకుంది’ అంటే తనకోసం. ‘చెప్పాడు’ వేరు, ‘చెప్పుకున్నాడు’ వేరు, ‘గొప్పలు’ అనే మాట దాని పక్కనే నిలబడి ఉంటుంది. అలాగే చాటడం అంటే పదిమందికి తెలిసేలా చెప్పడం, దానికి ‘కొను’ తగిలిస్తే తన గురించి తానే దండోరా వేసుకోవడం. నోరు తెరవకుండా బ్యాగు ఇచ్చేసి పోయిన మనిషికి ఆ మాట అంటగట్టామే! చాటింది పేపరు, చాటింది ఫోన్లు. ఆయన చేసిందల్లా బండి పక్కకు ఆపి వెనక్కి తిరగడమే.

ఇంకొక తమాషా చూడండి. ఆటల పోటీల్లో గెలిచిన పిల్లల గురించి రాసేటప్పుడు ‘సత్తా చాటిన విద్యార్థినులు’ అంటాం, అక్కడ ‘కొను’ ఉండదు. నలుగురి ముందూ బలం చూపించడమే పనిగా ఉన్నచోట ‘కొను’ తీసేస్తాం, మౌనంగా చేసినచోట తగిలిస్తాం. ఇది ఎట్లా వచ్చిందో, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

పాకాల:

చర్చ బాగుంది గానీ కొంచెం తొందరపడ్డావు నాయనా. నేను 30 ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, ‘కొను’ కనిపించిన ప్రతిచోటా స్వార్థం ఉందనుకుంటే చిక్కులో పడతావు. ‘ఆదుకున్నాడు’ అంటాం. అందులో తనకోసం ఏముంది? ‘మాట నిలబెట్టుకున్నాడు’ అంటే మెచ్చుకోలే గదా. ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అనడంలో అయితే మంచీ చెడూ రెండూ ఉన్నాయి. నిజాయతీ అతని గుణం, ఆ గుణం బయటపడింది, కాబట్టి తన గుణాన్ని తాను చాటుకున్నాడు అని రాసినవాడి ఉద్దేశం. వ్యాకరణం తప్పు లేదు.

నీ ఆటో ఆయన బాధ మాత్రం నిజం. మాట అరిగిపోతే అర్థం కూడా ఒకవైపుకు ఒరిగిపోతుంది. వాట్సాప్‌లో ప్రతివాడూ తన ఫొటో తానే పెట్టుకునే కాలంలో ‘చాటుకున్నాడు’ అనేదానికి ‘డబ్బా కొట్టుకున్నాడు’ పక్కన చోటు దొరికింది. స్టాండులో వాళ్లు నవ్వింది ఆ అర్థానికి.

ఇంకొకటి, చాటు అనే మాట పలికితే ఇంకో చాటు కూడా వినిపిస్తుంది, చెట్టుచాటు, కొంగుచాటు, తల్లిచాటు బిడ్డ. ఒకటి బయటపెట్టడం, ఒకటి మరుగు. రెండూ వేర్వేరు మాటలే, రూపం ఒకటైంది. మీ ఆటో మనిషి ఈ రెండో చాటులో ఉండాలనుకున్నాడు, మీరు తీసుకొచ్చి మొదటి చాటులో పెట్టారు. (చాటుపద్యంలో చాటు సంస్కృతం, ఇంపైన మాట అని, పొగడ్త అని. దాన్ని ఇక్కడికి తేవద్దు, మళ్లీ రాత్రి రెండు దాకా ఎవరికీ నిద్ర ఉండదు.)

నగరి:

మేష్టారూ, మా ఇంట్లో అరవం, తెలుగు రెండూ మాట్లాడతాం కాబట్టి ఒకటి చెప్తాను. చాటడానికి తమిళంలో ఉన్న తోబుట్టువు ‘సాట్రు’, రాతలో బండి ర (ఱ) మీద బండి ర. వాళ్లు అక్కడ బండి ర జంటగా రాస్తే మనకు ట వస్తుంది, సుట్రు మనకు చుట్టు, పట్రు మనకు పట్టు, పుట్రు మనకు పుట్ట. ఆ సాట్రునే మాటల్లో సాత్తు అంటారు. మీ తిరుపతిలో రోజూ వినే మాటే సార్ ఇది! కొండ మీద, గోవిందరాజస్వామి గుడిలో శాత్తుమొర అంటారే, దివ్యప్రబంధం (ఆళ్వార్ల తమిళ పాటలు) చదివి చివరి పాశురాలు చెప్పడం, ఆ శాత్తు ఇదే. అక్కడ చదివేవాళ్లు తమ గురించి ఏమీ చెప్పుకోరు, స్వామి గురించి చెప్తారు.

కుప్పం:

మాకు కన్నడం కూడా పక్కనే. డంగుర సారడం అంటారు వాళ్లు. చాటు, సాట్రు, సారు. మూడు రాష్ట్రాల మధ్య కూర్చున్నందుకు మాకు దక్కేది ఇదే, మూడు పక్కల నుంచీ దండోరా వినిపిస్తుంది 😀

తిరుపతి:

నగరి అక్కా, శాత్తుమొర సంగతి నాకు తట్టనే లేదు, చిన్నప్పటి నుంచి వింటున్న మాట. అది చెప్పాక నాకు ఇంకొకటి గుర్తొచ్చింది, మా గంగమ్మ జాతర చాటింపు. తాతయ్యగుంట గంగమ్మకు జాతర మొదలయ్యేది చాటింపుతోనే, వేసవిలో ఒక మంగళవారం రాత్రి. అవిలాల నుంచి అమ్మవారికి సారె వస్తుంది, ఆ తర్వాత చాటింపు వేస్తారు. చాటింపు పడిందంటే ఊరివాళ్లు జాతర అయ్యేదాకా పొలిమేర దాటకూడదని మా అమ్మ మమ్మల్ని బెంగుళూరు పెళ్లికి కూడా పంపలేదు ఒకసారి. ఇక్కడ కూడా చాటేవాడు ఊరి మాట చెప్తున్నాడు గానీ తన మాట కాదు. అంటే ఈ మాట పుట్టుకలోనే చెప్పేవాడు ఒకడు, విషయం ఇంకొకడిది. పేపరువాళ్లం ఆ ఇద్దరినీ ఒకడిగా చేసేశాం. మేష్టారు వ్యాకరణం తప్పు లేదన్నారు, ఒప్పుకుంటాను. న్యాయం మాత్రం లేదు.

చంద్రగిరి:

అన్నా, హెడ్డింగు వదిలెయ్, దాని కింద జనం రాసినవి చూశావా? నేను మీ ఆటో అన్న ఫొటో కింద కూర్చుని అన్నీ చదివినాను, పనిలేక. సగం మంది ఒకే మాట, ‘మానవత్వం ఇంకా బతికే ఉంది’. కాపీ కొట్టి అతికించినట్టు. మిగతావాళ్లు సెల్యూట్, హ్యాట్సాఫ్, రియల్ హీరో, చేతులు జోడించిన బొమ్మలు. ఒక పది దాటినాక మొదలైంది చూడు, ‘సీసీ కెమెరాలు ఉన్నాయని భయపడి ఇచ్చింటాడు’, ‘ఎంత బహుమతి ఇచ్చినారో చెప్పండి’, ‘బ్యాగులో ఏమీ లేదేమో’. ఒకాయన అయితే ఏ కులం అని అడిగినాడు. బ్యాగు ఇచ్చినదానికి కులం ఎందుకప్పా!

తిరుపతి:

తమ్ముడూ, ‘ఇంకా బతికే ఉంది’ అనేది నేను రాద్దామనుకుని ఆపుకున్న మాట, నువ్వే తెచ్చావు. దాన్ని విడదీసి చూడు. ‘బతికి ఉంది’ అంటే ఒక సమాచారం. ‘బతికే ఉంది’ అని ఆ ఏకారం పెట్టగానే, చచ్చిపోయిందని ఎవరో అన్నట్టు, మనం కాదన్నట్టు. దానికి ‘ఇంకా’ కూడా తోడైతే ఇవాళో రేపో అన్నట్టు. ఆస్పత్రిలో ముసలాయన గురించి బంధువులు ఫోన్లో అడిగే మాట అది, ‘ఇంకా ఉన్నాడా?’ అని. మెచ్చుకుంటున్నాం అనుకుంటూ లోకం మీద ఫిర్యాదు రాస్తున్నాం. ఆ కెమెరాలకు భయపడి ఇచ్చాడని రాసినవాడికీ, మానవత్వం ఇంకా బతికే ఉందని రాసినవాడికీ అనుమానం ఒకటే. రెండోవాడు దానికి దండం బొమ్మ పెట్టాడు, అంతే తేడా.

2020 జూలై గుర్తుందా? మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె వైపు, లాక్‌డౌన్‌లో ఒక రైతు కూతుళ్లిద్దరూ ఎద్దుల బదులు కాడి లాగుతున్న వీడియో దేశమంతా తిరిగింది. సోనూ సూద్ మొదట ఎద్దుల జత ఇస్తానన్నాడు, మళ్లీ ఎద్దులు కాదు ట్రాక్టరే అన్నాడు, ట్రాక్టరు వచ్చేసింది. చంద్రబాబు ఆ పిల్లల చదువు చూసుకుంటామన్నారు. మొదటి రోజు అందరి కళ్లూ చెమర్చాయి, తెరమీద విలన్ బయట హీరో, ఇవే మాటలు. రెండో రోజుకు అదే ఫోన్లలో, వాళ్లు అంత పేదవాళ్లేం కాదంట, వీడియో సరదాకి తీసిందంట, అన్నీ ‘అంట’లే. మొన్న కళ్లు చెమర్చినవాళ్లే ఇవాళ లెక్కలు తీశారు. నాకు ఆ కుటుంబం సంగతి మీద తీర్పు చెప్పాలని లేదు, మాటల సంగతే చెప్తున్నా. పైకెత్తిన మాట ఎంత పెద్దదైతే కింద పడేసేది కూడా అంత గట్టిగా పడేస్తాం.

పుత్తూరు:

నేను నర్సుగా చేస్తాను, ఎక్కడని అడగొద్దు. మీరు ఆటో గురించి మాట్లాడుతున్నారు, నాకు ‘సూపర్’ అనే మాట మీద కోపం. 2021 అక్టోబరులో తిరుపతిలో చిన్నపిల్లల గుండె ఆస్పత్రి, పద్మావతి హృదయాలయం మొదలైంది గదా, గుండె మార్పిడి కూడా చేస్తున్నారు. రేణిగుంటలో విమానం దిగితే గ్రీన్ చానెల్ పెట్టి ట్రాఫిక్ ఆపి గుండెను తెస్తారు. ఆ వార్త వచ్చినప్పుడల్లా కింద ‘సూపర్’, ‘సూపర్ సూపర్’, చప్పట్లు. నిజమే, ఇక్కడొక బిడ్డ బతికింది. కానీ ఆ గుండె వచ్చిన ఇంట్లో ఆ రోజు శవం ఉంది. బ్రెయిన్ డెడ్ అని చెప్పాక సంతకం పెట్టిన అమ్మానాన్నలు ఉన్నారు. వాళ్లు కూడా ఆ వార్త చదువుతారు కదండీ. ‘సూపర్’ అని ఎట్ల రాస్తారో నాకు అర్థం కాదు. సరే, మరి ఏం రాయాలి అని అడిగితే నాకూ మాట దొరకదు. నాకు చిన్నప్పుడు మా అవ్వ అనే మాట ఒకటే గుర్తొస్తుంది, ‘నీ కడుపు చల్లగుండ’.

తిరుపతి:

మేడమ్, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

అవ్వ మాట దగ్గరే ఆగిపోయాను నిజానికి. మన పక్క ముసలివాళ్లు ఎవరైనా మంచి చేస్తే ఏమనేవాళ్లు? ‘చల్లగుండు నాయనా’, ‘నీ బిడ్డలు బాగుండాల’. ఇవన్నీ ఎదుట నిలబడిన మనిషితో అనే మాటలు, అతనికి ఏదో ఇస్తున్నాయి. ‘మానవత్వం ఇంకా బతికే ఉంది’ అతనితో అనే మాట కాదు, అతని తల మీదుగా ఇంకెవరికో చెప్పేది. దీవెనను మనం తీర్పుగా మార్చేసుకున్నాం అనిపిస్తోంది నాకు. ఫోన్లో మనిషి ఎదుట ఉండడు కాబట్టి దీవించాలన్నా ఎవరిని దీవించాలో తెలియదేమో, అదీ ఒక కారణం.

పాకాల:

‘శభాష్’ను మరిచిపోతున్నావు. పారసీ నుంచి వచ్చింది, షాద్ బాష్, సంతోషంగా ఉండు అని. మనం భుజం తట్టి అనే శభాష్ కూడా పుట్టుకలో దీవెనే. ఇప్పుడు దాన్ని పిల్లలకు మార్కులు వస్తేనే వాడుతున్నాం.

చిత్తూరు:

కంచు, కనకం పద్యం ఎవరూ పెట్టలేదు కాబట్టి నేను పెడుతున్నాను అనుకోండి 🙏

తిరుపతి:

ఎవరో ఒకరు పెడతారని తెలుసు చిత్తూరన్నా, అందుకే నేను పెట్టలేదు.

సరే, చివరగా ఒకటి. నిన్న ఆ హెడ్డింగునే తిరగరాసి చూశాను. ‘బ్యాగు తిరిగిచ్చిన ఆటో డ్రైవర్’. అక్షరాలు లెక్కపెట్టుకోండి, పాతదానికంటే ఒకటి తక్కువే, బాక్సులో హాయిగా పడుతుంది. 11 ఏళ్లలో ఒక్కసారి కూడా ఇది తట్టలేదు నాకు. ఆటో ఆయనకు తీసుకెళ్లి చూపించాను, ఇట్లా రాసుండాల్సింది, నీ బాధ నిజమే అని. ఆయన చదివి కాస్త మొహమాటపడ్డాడు. “ఇదీ బాగుంది సామీ, కానీ పాతదే ఉండనీ. మా అత్తగారి ఊర్లో అందరూ చూసినారంట, మా మామ ఫోన్ చేసి మాట్లాడినాడు, పెళ్లైనప్పటి నుంచి ఎప్పుడూ చేసినోడు కాదు” అన్నాడు.

లేచి వస్తుంటే బండి లోపల చూశాను. పేపరు ముక్క కత్తిరించి, లామినేషన్ చేయించి, అద్దం పైన వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించి ఉంది.

పాకాల:

ఇప్పుడు ‘కొను’ సరిపోయింది.