మిగ్-21 మోడల్‌లో పోయిన భాగాలు: మనమే చేసుకోవాలా, తెప్పించుకోవాలా?

సునాబెడ నుంచి:
1/72 స్కేల్ (అసలు విమానంలో 72వ వంతు) మిగ్-21 బిస్ కిట్ కొన్నాను. బిస్ అంటే ఆ యుద్ధవిమానంలో ఒక రకం. ఆ విమానానికి వాడిన ఆర్-25 ఇంజన్లు మా ఊరి హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి. నాన్నగారు వాటి మీదే పనిచేసి రిటైరయ్యారు. 2025 సెప్టెంబర్ 26న మిగ్-21కి వీడ్కోలు పలికినరోజు ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. ఈ మోడల్ ఆయన కోసమే. పెట్టె తెరిస్తే రెక్కల కింది చక్రాల్లో ఒకటి లేదు, పీటో (ముక్కు దగ్గర గాలి వేగం కొలిచే గొట్టం) విరిగింది, కనోపీ (పైలట్ మీది అద్దపు మూత) పగిలింది. అమ్మినవాళ్లు మార్చి ఇవ్వబోమన్నారు. ఏం చేయమంటారు?

బరంపురం నుంచి:
తెప్పించుకోండి సార్. పెద్దాయన ఆ విమానాన్ని ఎరిగినవారు, తప్పుంటే ముందు ఆయన కంటికే కనిపిస్తుంది. ప్లాస్టిక్ ఫ్రేమ్ మీద ఒక అక్షరం, భాగం పక్కన నంబర్ ఉంటాయి. అవి రాసి పంపితే కొన్ని కంపెనీలు విడిభాగం ఇస్తాయి. నేను ఒకసారి ఎం-సీల్‌తో చేసిన చక్రం గుండ్రంగా రాలేదు. విమానం ఒకవైపు ఒరిగిపోయింది. ఇప్పటికీ అటు చూడబుద్ధి కాదు.

పర్లాకిమిడి నుంచి:
అన్నా, చేత్తో చుడితే ఎవరికైనా అంతే. రెండో చక్రం ఉంది కదా, అదే అచ్చు. దానికి కొంచెం నూనె రాసి, పిల్లలు ఆడుకునే క్లేలో ఒక్కో ముఖం విడిగా ఒత్తండి. రెండు గుంటల్లో ఎం-సీల్ నింపి, ఒక రోజు ఆరనిచ్చి, రెండు సగాలనూ అతికించి, వాటర్ పేపర్‌తో రుద్దండి.

పీటోకి కొత్త ఇంజెక్షన్ సూదులు చాలు. 26 గేజ్ సూది మందం 0.46 మిల్లీమీటర్లు, 72తో గుణిస్తే అసలు విమానం లెక్కన 3.3 సెంటీమీటర్లు. కొస సన్నగా, మొదలు లావుగా రావాలి కాబట్టి దాన్ని 21 గేజ్ సూదిలో దూర్చండి, సరిగ్గా పడుతుంది. వాడి మొన మాత్రం ముందే కత్తిరించండి. పోస్టు కోసం నెలలు ఎదురుచూడటం దేనికి? కనోపీ కూడా స్వీట్ బాక్సు మూతను సెగ చూపించి అచ్చు మీద లాగితే వస్తుంది. ఎక్కువ కాలితే ఆ ప్లాస్టిక్ తెల్లబారిపోతుంది, అదొక్కటే జాగ్రత్త.

బరంపురం నుంచి:
చక్రం, సూది ఒప్పుకుంటాను తమ్ముడూ. కనోపీ మాత్రం ఒప్పుకోను. పాత అద్దం మీద లాగితే ప్లాస్టిక్ మందమంత సైజు పెరిగి అంచులు కూర్చోవు. కనోపీ చట్రం గీతలు కూడా స్పష్టంగా రావు. ఇంకో మాట, ఫెవిక్విక్ వాడొద్దు. దాని ఆవిరికి అద్దం పొగపట్టినట్టవుతుంది. ఫెవికాల్ వాడండి.

సునాబెడ నుంచి:
కనోపీకి కంపెనీకి రాశాను. చక్రం అచ్చు నాన్నగారే ఒత్తారు, ఆరుతోంది. సూదుల పీటోని ముక్కు పైన సరిగ్గా మధ్యలో పెట్టబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. బిస్‌కి అది కుడివైపుకు జరిగి ఉంటుందట. అసలు విమానం ఫొటోలు వెతికి చూశాను, ఆయన చెప్పిందే నిజం.