ప్రొటిస్టాని ఇంకా ‘రాజ్యం’ అని చెప్పాలా?

సీతమ్మధార నాన్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, నీట్‌కి చదువుతోంది. జీవులన్నిటినీ విట్టేకర్ అనే శాస్త్రవేత్త 1969లో పంచిన అయిదు రాజ్యాలు (పెద్ద విభాగాలు) పుస్తకంలో ఇప్పటికీ అలాగే ఉన్నాయి, అందులో ప్రొటిస్టా ఒకటి, ఎక్కువగా ఏకకణ జీవులది. రాజ్యం అన్నాక అందులోవన్నీ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలి కదా? ఇదేమో మొక్కల్లో పట్టనివి, జంతువుల్లో పట్టనివి, ఫంగస్‌లో పట్టనివి కట్టిపెట్టిన మూట. తీసేయాలంటాను. మీరేమంటారు?

గాజువాక జువాలజీ: తీసేసి ఏం పెడతారండీ? 2005లో నిజకేంద్రక జీవులన్నిటినీ, అంటే కణంలో కేంద్రకం ఉన్నవాటిని, ఆరు పెద్ద గుంపులు చేశారు. 2012కి వాటిలో క్రోమాల్వియోలేటా అనే గుంపు ఎగిరిపోయి అయిదయ్యాయి, 2019లో ఎక్సకవేటా అనే గుంపు కూడా పోయింది. పుస్తకం అచ్చయి పిల్లల చేతికి వచ్చేలోపు మళ్లీ ఇంకోటి. హెకెల్ 1866లో ప్రొటిస్టా అన్నాడు, ఆ పేరు ఇన్నేళ్లు నిలిచిందంటే పనికొస్తోందనే కదా.

తెన్నేటి పార్కు వాకర్: మాస్టారూ, పేరు నిలవడం వేరు, పాఠం తప్పుదారి పట్టించడం వేరు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు మన బీచ్ రాళ్ల మీద చూడండి, పచ్చగా పల్చగా అల్వా, దాని పక్కనే గోధుమరంగు సార్గాసమ్. చూడ్డానికి రెండూ నాచే, పుస్తకం కూడా రెంటినీ శైవలాలని మొక్కల పాఠంలోనే పెట్టింది. అసలు సంగతేమిటంటే అల్వా మన మామిడిచెట్టుకి చుట్టం, సార్గాసమ్ ఆ వైపుదే కాదు, అది డయాటమ్‌ల (కంటికి కనపడని ఏకకణ శైవలాలు) వంశం. ఆ డయాటమ్‌లు మాత్రం ప్రొటిస్టాలో, వేరే పాఠంలో! చుట్టాలని విడదీసి, పరాయివాళ్లని కలిపి చెబుతున్నాం.

గాజువాక జువాలజీ: ఆ లెక్కన ‘చేపలు’ అనే మాట కూడా తీసేయాలి. ఊపిరితిత్తుల చేపకి బొచ్చె కన్నా మనిషే దగ్గర. అయినా పూర్ణా మార్కెట్లో ఎవరికీ ఇబ్బంది లేదే.

తెన్నేటి పార్కు వాకర్: మార్కెట్లో ఇబ్బంది లేదు, ఒప్పుకుంటా. పరీక్షలో మాత్రం ‘చేపల రాజ్యం’ అని అడగట్లేదుగా.

పాడేరు ల్యాబ్: ఏజెన్సీలో మలేరియా స్లైడ్లు చూసేవాణ్ణి. మలేరియా తెచ్చే పరాన్నజీవి ప్లాస్మోడియంని పుస్తకంలో ప్రొటోజోవా అని, జంతువు లక్షణాలున్నదని చదివాం. దాని లోపల ఏపికోప్లాస్ట్ అని ఒకటుంది, ఒకప్పుడు మింగిన శైవలం తాలూకు మిగులు. కిరణజన్య సంయోగక్రియ ఎప్పుడో పోయింది గానీ అది లేకపోతే పరాన్నజీవి బతకదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మలేరియా మీద పనిచేసేది అక్కడే. జంతువులాంటిది, మొక్కలాంటిది అనే గీత దగ్గరే పిల్లలు ఆగిపోతే ఈ మందు సంగతి వాళ్లకి ఎలా అర్థమవుతుంది?

చోడవరం రైతుబిడ్డ: సజ్జకి, అదే మా వైపు గంటెలకి, వెర్రికంకి తెగులు వస్తుంది. అందరూ దాన్ని ఫంగస్ అంటారు. కాదు, ఊమైసీట్, అంటే ఫంగస్ లాగా కనిపించే వేరే జీవుల గుంపుది. కణ గోడలో సెల్యులోజ్ ఉంటుంది, పైగా ఫంగస్ కణపొరలో ఉండే ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని ఇది తయారు చేసుకోదు కాబట్టి ఎర్గోస్టెరాల్‌ని దెబ్బకొట్టే అజోల్ మందులు పోస్తే డబ్బు దండగ. మెటలాక్సిల్‌తో విత్తనశుద్ధి చేయాలి. ఐర్లండ్‌లో 1845 నుంచి బంగాళాదుంపని తుడిచిపెట్టింది కూడా ఈ ఊమైసీట్ గుంపులోదే.

గాజువాక జువాలజీ: మీరే చెప్పారు చూడండి, మెటలాక్సిల్ ఇవ్వాలని మీ ఊరి మందుల కొట్టాయనకి ఏ వంశవృక్షం చదవకుండానే తెలుసు!

చోడవరం రైతుబిడ్డ: డబ్బా మీద రాసుంది కాబట్టి తెలుసు మాస్టారూ. ఆ రాసినవాడు ఇది ఫంగస్ కాదని తెలిసినవాడేగా.

సీతమ్మధార నాన్న: సరే, రేపు అమ్మాయికి టెస్టు. జవాబుల కీలో ఏముంటే అది రాయమన్నాను. సార్గాసమ్, డయాటమ్‌ల చుట్టరికం మాత్రం ఆదివారం రాళ్ల దగ్గరే చూపిస్తాను, ఆటుపోట్ల టైము ఎవరికైనా తెలిస్తే చెప్పండి.