వైజాగ్‌లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగ్‌కి మొదటిసారి వెళ్లాలి, తెలిసినవాళ్లు కనిపిస్తే ఎలా?

బీషిఫ్ట్_గాజువాక:
అందరికీ నమస్కారం. వయసు 38, గాజువాక వైపు ఒక కంపెనీలో షిఫ్ట్ డ్యూటీ. రోజూ తాగుతాను, ఈ మధ్య పొద్దున్నే కొంచెం పడకపోతే చేతులు వణికి టీ గ్లాసు ఒలికిపోతోంది. ఇంతకుముందు రెండుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను, 41 రోజులూ చుక్క ముట్టలేదు, మాల తీసిన సాయంత్రమే క్వార్టర్ తెచ్చుకున్నాను. పోయిన ఆదివారం బస్సులో మా పాప నా పక్కన కూర్చోకుండా లేచి వేరే సీటుకి వెళ్లింది, వాసన అంది, అంతే. ఏఏ మీటింగులు ఎక్కడ, ఎప్పుడు జరుగుతాయో ఎలా తెలుస్తుంది? డబ్బులు కట్టాలా, ఆధార్ అడుగుతారా? చర్చిల్లో పెట్టి మతం మారుస్తారని ఒకతను అన్నాడు, నిజమేనా? అన్నిటికంటే పెద్ద టెన్షన్, మా కంపెనీవాళ్లు ఎవరైనా కనిపిస్తే?

ఈరోజు_ఒక్కటే:
తమ్ముడూ, నేను మానేసి ఎనిమిదేళ్లు. మీటింగులు ఎక్కడో తెలియాలంటే ఏఏ ఇండియా వెబ్‌సైట్ చూసి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యి. చోటు, టైము మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఒకసారి కనుక్కో. ఫీజు లేదు, ఆధార్ లేదు, పేరు కూడా నీకు ఇష్టమైతేనే. చివర్లో ఖర్చుల కోసం డబ్బా తిరుగుతుంది, వేస్తే వెయ్యి లేకపోతే పక్కవాళ్లకి అందించు. మానేయాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు, వాళ్లు సంప్రదాయాలు అని పిలుచుకునే నియమాల్లో మూడోది అదే. చర్చి మాటకొస్తే, హాలు తక్కువ అద్దెకి దొరికే చోట పెట్టుకుంటారు, అది చర్చి కావచ్చు, స్కూలు గది కావచ్చు. దేవుడు అన్న మాట వస్తుంది, కానీ ఎవరికి తెలిసిన దేవుడు వాళ్లకి. నేను ఇప్పటికీ ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను, ఎవరూ ఏమీ అనలేదు.

తెలిసినవాళ్లు కనిపిస్తారా అంటే, కనిపించవచ్చు. మొదటిరోజు నేను తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను, మధ్యలో లేచి పారిపోదామని. ఎదురుగా మా పాత సూపర్‌వైజరు! నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన టీ కప్పు తెచ్చి నా చేతికి సగమే నింపి ఇచ్చాడు. నిండా పోస్తే ఒలుకుతుందని ఆయనకి తెలుసు.

మాల సంగతి నువ్వే చెప్పావు కదా, అందులోనే జవాబుంది. మాలలో ఒంటరిగా లేవు, పొద్దున్న చన్నీళ్ల స్నానం నుంచి రాత్రి భజన దాకా చుట్టూ స్వాములు ఉన్నారు. మాల తీసేసరికి వాళ్లంతా ఎవరింటికి వాళ్లు పోయారు, నువ్వు ఒక్కడివే మిగిలావు. పైగా 41 అని లెక్క ఉంది, లెక్క అయిపోగానే సెలవు దొరికినట్టు. ఇక్కడ లెక్క ఈ ఒక్కరోజుకే, రేపటి సంగతి రేపు, మనుషులు మాత్రం వచ్చేవారం కూడా అక్కడే ఉంటారు.

వార్డు_నర్సు:
మీటింగ్ కంటే ముందు ఒక మాట, దయచేసి వినండి. పొద్దున్నే చేతులు వణికే స్థాయిలో ఉన్నవాళ్లు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. ఆపిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో మూడో రోజుకి లేనివి కనిపించడం, మనిషిని గుర్తుపట్టకపోవడం మొదలవచ్చు, అది ప్రాణం మీదకి తెస్తుంది. మాలప్పుడు ఏమీ కాలేదు కదా అనుకోకండి, అప్పుడు పొద్దున తాగే అలవాటు ఉండి ఉండదు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీకి వెళ్లి ఎంత తాగుతున్నారో తగ్గించకుండా చెప్పండి. బి1 విటమినూ, వణుకు తగ్గే మందులూ ఇచ్చి, అవసరమైతే కొన్ని రోజులు చేర్చుకుంటారు. గేటు దగ్గర ఎవరైనా చూస్తారని సిగ్గుపడి ఆలస్యం చేసినవాళ్లని చాలామందిని చూశాను. ఇప్పుడే మాట్లాడాలనిపిస్తే 14416కి చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

మద్దిలపాలెం_అక్క:
మీ ఆవిడకి కూడా ఒక మాట చెప్పండి బాబూ. మా ఆయన తాగుడు మానడానికి ఎవరో ఇచ్చిన మాత్రలు ఆయనకి తెలియకుండా సాంబారులో కలిపాను. ఆ రాత్రి తాగొచ్చి మొహం ఎర్రగా కందిపోయి, వాంతులు, గుండె దడ, ఆటోలో ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ నేనే చంపేశాననుకున్నాను. ఆ మందు డాక్టరు చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని వేసుకోవలసినది. ఆ తర్వాతే నేను ఆల్-అనాన్‌కి వెళ్లాను, అది తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం. ఆయన జేబులు వెతకడం, సీసాలు పారబోయడం మానేసి రాత్రి నిద్రపోవడం నేర్చుకున్నాను. ఆయన మీటింగ్‌కి వెళ్లింది ఇంకో ఏడాదికి, తనంతట తనే.

బీషిఫ్ట్_గాజువాక:
అందరికీ చేతులెత్తి దండం. నర్సమ్మగారు చెప్పినట్టు ఆసుపత్రికి వెళ్లాను, ఆరు రోజులు ఉంచారు. మా ఆవిడకి అక్క రాసింది చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మొన్న డ్యూటీ మార్పించుకుని మీటింగ్‌కి వెళ్లాను, పేరు మాత్రం చెప్పి ఊరుకున్నాను. మా కంపెనీవాళ్లు ఎవరూ లేరు. పక్కన కూర్చున్న పెద్దాయన తన కూతురి గురించి చెప్తుంటే తల ఎత్తలేకపోయాను. వచ్చేవారం ఏ షిఫ్ట్ పడుతుందో తెలియదు. రాత్రి డ్యూటీ పడితే ఎలా?

ఈరోజు_ఒక్కటే:
ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి, పొద్దున డ్యూటీ దిగాక ఫోన్‌లో కూర్చోవచ్చు. ఆ పెద్దాయన నంబరు తీసుకున్నావా? లేకపోతే ఈసారి తీసుకో, వైన్ షాపు దాటేటప్పుడు ఆ నంబరుకే చెయ్యి.