హెచ్‌ఆర్ 8799 గ్రహాలు: చుట్టిన సున్నుండలా, విరిగిన పాలా?

నిశాచరుడు:
హెచ్‌ఆర్ 8799 అనే నక్షత్రం మనకు దాదాపు 130 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని చుట్టూ తిరిగే పెద్ద గ్రహాల్లో మూడింటిని 2008లో, నాలుగోదాన్ని 2010లో నేరుగా ఫొటో తీశారు. ఒక్కోటి సుమారుగా గురుడికి అయిదు నుంచి పది రెట్ల బరువు. 2025 మార్చిలో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుతో చూసినవాళ్ళు వాటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉందన్నారు. అంతే, "గురుడు పుట్టినట్టే ఇవీ పుట్టాయి, తేలిపోయింది" అని ఒకటే రాతలు. నాకైతే తేలలేదు. గాలి చూసి పుట్టుక చెప్పేయొచ్చా?

భౌతికం మాస్టారు:
కొత్తవాళ్ళ కోసం ముందు రెండు దారులూ చెప్తాను. మొదటిది సున్నుండ చుట్టినట్టు. దుమ్ము, మంచు ముద్ద కట్టి, అది భూమికి పది రెట్లంత బరువెక్కాక చుట్టూ ఉన్న హైడ్రోజన్‌నీ హీలియంనీ లాగేసుకుంటుంది. ఆ ముద్దే కోర్, అందుకే దీన్ని కోర్ అక్రీషన్ అంటారు. రెండోది పాలు విరిగినట్టు. నక్షత్రం చుట్టూ ఉన్న వాయువు పళ్ళెం బాగా బరువుగా, చల్లగా ఉంటే తన బరువుకి తనే ముక్కలై, ఆ ముక్కలు కూలి గ్రహాలవుతాయి. 1997లో ఖగోళ శాస్త్రవేత్త ఆలన్ బాస్ దీన్ని మళ్ళీ గట్టిగా ముందుకు తెచ్చారు.

తేడా ఎక్కడంటే, విరిగిన ముక్కలో నక్షత్రంలో ఉన్న సరుకే ఉండాలి. సున్నుండ మాత్రం ఘనపదార్థం మింగి పెరిగింది కాబట్టి అందులో కార్బన్, ఆక్సిజన్ లాంటి బరువు మూలకాలు ఎక్కువ పాళ్ళలో కనిపించాలి. మన గురుడి గాలిలో కార్బన్ సూర్యుడిలో కంటే దాదాపు మూడు రెట్లు.

ఇక కార్బన్ డయాక్సైడ్ సంగతి. హైడ్రోజన్ నిండిన వేడి గాలిలో కార్బన్ ఒక్క ఆక్సిజన్‌తో సరిపెట్టుకుని మోనాక్సైడ్‌గానే ఉండిపోతుంది. డయాక్సైడ్ కావాలంటే ఇంకో ఆక్సిజన్ దొరకాలి. అందుకే బరువు మూలకాలు రెండింతలైతే డయాక్సైడ్ సుమారు నాలుగింతలవుతుంది. అంత సున్నితమైన కొలబద్ద ఇంకోటి చూపించండి.

చుక్కలమ్మ:
మాస్టారూ, ఆ కొలత ఎలా తీశారో కూడా చెప్పాల్సింది. నక్షత్రం వెలుగుని చిన్న మచ్చతో కప్పేసి, 3 నుంచి 5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల మధ్య, అంటే కంటికి కనపడని పరారుణ కాంతిలో, ఇరుకైన ఫిల్టర్లతో చూశారు. కార్బన్ డయాక్సైడ్ వెలుగుని మింగేది 4.3 మైక్రాన్ల దగ్గర. నేల మీది టెలిస్కోపుకి ఆ కిటికీ మూసే ఉంటుంది, ఎందుకంటే మన గాలిలో ఉన్న అదే వాయువు అడ్డం. పదిహేడేళ్ళు ఆగాల్సి వచ్చింది అందుకే.

నిశాచరుడు:
కొలతని నేను కాదనడం లేదండీ. దేంతో పోల్చారు అన్నదే నా పేచీ. ఈ నక్షత్రం లాంబ్డా బూటిస్ రకం. దాని పైపొరలో ఇనుము తక్కువ, కార్బన్ ఆక్సిజన్ మాత్రం సూర్యుడి స్థాయిలోనే ఉన్నాయి. తక్కెడలో ఒక రాయే అటూ ఇటూ ఊగుతుంటే తూకం ఎలా నమ్మాలి? పైగా విరిగి పుట్టిన ముక్క కూడా ఆ తర్వాత చుట్టుపక్కల రాళ్ళూ మంచూ మింగొచ్చు కదా. పాలు విరిగాక పంచదార కలిపినట్టు.

భౌతికం మాస్టారు:
కలపొచ్చు. కానీ నాలుగు గిన్నెల్లోనూ ఎవరు కలిపారు బాబూ? తక్కెడ మాట కూడా నువ్వే తేల్చేశావు. మనం తూచేది కార్బన్, ఆక్సిజన్. ఆ రెండూ సూర్యుడి స్థాయిలోనే ఉన్నాయన్నావు. ఇనుము తక్కువైతే మనకేం?

నిశాచరుడు:
సరే, ఆ పాయింటు మీదే. మరి దూరం సంగతి? చివరి గ్రహం భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి దాదాపు 70 రెట్ల అవతల ఉంది. అక్కడ సరుకు పలచన, తిరుగుడు నెమ్మది. పాత లెక్కల ప్రకారం కోర్ తయారయ్యేలోపే వాయువు పళ్ళెం చెదిరిపోతుంది. దాని ఆయుష్షు కొన్ని మిలియన్ల ఏళ్ళే.

భౌతికం మాస్టారు:
పాత లెక్కలు అని నువ్వే అన్నావు. 2012 నుంచి గులకరాళ్ళ లెక్క వచ్చింది. సెంటీమీటర్ల సైజు గులకలు వాయువు రాపిడికి వేగం తగ్గి కోర్ మీదికి జారిపడతాయి, కొండల్లాంటి రాళ్ళు వచ్చి గుద్దుకునే దాకా ఆగక్కర్లేదు. అయినా ఆ 70 రెట్ల దూరం నాకూ ఇబ్బందే, దాచను.

రెండో షిఫ్ట్:
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. పుట్టిన చోటే ఉన్నాయని ఎందుకు అనుకుంటున్నారు? 1995లో దొరికిన 51 పెగాసీ బి అనే గ్రహం తన నక్షత్రాన్ని 4.2 రోజుల్లో చుట్టేస్తుంది. అంత దగ్గర పుట్టలేదు, జరిగి వచ్చిందనే ఎక్కువమంది అంటారు. ఇవీ జరిగి ఉండొచ్చుగా?

చుక్కలమ్మ:
మంచి మాట అన్నావు తమ్ముడూ. కార్బన్-ఆక్సిజన్ నిష్పత్తి చూసి పుట్టిన చోటు చెప్పొచ్చని 2011 నుంచి అంటున్నారు. నక్షత్రం నుంచి నీరు మంచుగా గడ్డకట్టే గీత దాటితే ఒక పాళ్ళు, కార్బన్ మోనాక్సైడ్ గడ్డకట్టే గీత దాటితే ఇంకో పాళ్ళు. గ్రహం దారి పొడుగునా తింటూ నడిస్తే ఆ లెక్క కలగాపులగమే. నా ఓటు మాస్టారికే, కానీ పద్ధతి వరకే. చోటు గురించి ఎవరు ధీమాగా చెప్పినా నమ్మను.

రెండో షిఫ్ట్:
ఒక చిన్న డౌట్. ఈ నక్షత్రం మామూలు కంటికి కనిపిస్తుందా?

భౌతికం మాస్టారు:
ప్రకాశం అంకె దాదాపు 6, ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసక. ఊరికి దూరంగా, చంద్రుడు లేని రాత్రి అయితే అంచున కనిపిస్తుంది. బైనాక్యులర్స్ ఉంటే టెన్షన్ లేదు. పంచాంగంలో పూర్వాభాద్ర అంటామే, ఆ రెండు చుక్కలకీ మధ్య గీత గీస్తే దాదాపు సగంలో ఉంటుంది. నువ్వన్న గ్రహం తిరిగే 51 పెగాసీ నక్షత్రం కూడా ఆ గీతకి కాస్త పడమటే. నవంబరు మొదట్లో రాత్రి ఎనిమిదింటికి మనవైపు దాదాపు నడినెత్తిన ఉంటాయి.

నిశాచరుడు:
పోయిన నవంబరులో మా డాబా మీద నుంచి చూశాను. 51 పెగాసీ దొరికింది. దీన్ని పట్టుకునేలోపు పక్కింటాయన ఫ్లడ్ లైట్ వేశాడు.